ఊపిరి బిగబట్టకండి: కావేరి అవతల మునిగిన ఓడ దాకా

ధర్మపురిలో, పెన్నాగరంలో, పాలక్కోడులో, అటు కృష్ణగిరి, హోసూరు వైపున ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అందరికీ ఈ మాటలు.

మన ధర్మపురి జిల్లాకు సముద్రం లేదు. అయినా సముద్రం అడుగుకు దిగి వచ్చే పిల్లలు మన ఊళ్ళలో ఇప్పుడు ఉన్నారు. శనివారం రాత్రి కారెక్కుతారు. తెల్లారేసరికి పుదుచ్చేరి చేరుతారు. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళలోకి దిగుతారు. ఆదివారం సాయంత్రానికి ఇంటిదారి పడతారు. దాన్నే స్కూబా డైవింగ్ అంటారు. ఆ పిల్లలతో, వాళ్ళ కోసం గుమ్మంలో ఎదురుచూసే అమ్మానాన్నలతో ఒక్క మాట చెప్పాలని వచ్చాను. ఆ మాట ఇది. నీటి అడుగున సిలిండర్ గాలి పీల్చినవాళ్ళు, పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. మెల్లగా రావాలి.

ఇంత చిన్న మాటకు ఇంత ప్రసంగం ఎందుకు అనుకోవచ్చు. ఎందుకంటే మనం బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్ళం. నడుముకు సొరబుర్ర కట్టించుకుని, మామయ్యో చిన్నాన్నో నీళ్ళలోకి తోస్తే చేతులు కొట్టుకుంటూ నేర్చుకున్నవాళ్ళం. బావి మనకు ఒక అలవాటు నేర్పింది. గట్టు మీద గుండెనిండా ఊపిరి తీసుకుంటాం. బిగబడతాం. దూకుతాం. అడుగున వేసిన రాయో, నాణెమో తీసుకుని కాళ్ళతో నేలను తన్ని, ఒక్క ఊపున పైకి వస్తాం. తల బయటికి వచ్చాకే ఊపిరి వదులుతాం. బావిలో అది మంచి ఈతగాడి లక్షణం. సిలిండర్ గాలి పీల్చి సముద్రంలో అదే పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. బావిలో పనికొచ్చిన అలవాటు అక్కడ ఎందుకు చేటు చేస్తుందో చెబుతాను.

ముందు మిమ్మల్ని ఒక ఓడ దగ్గరికి తీసుకెళ్తాను.

హొగేనక్కల్ దగ్గర రాళ్ళ మీంచి దూకే కావేరి మీకు తెలుసు. పరిసల్ అనే పుట్టి ఎక్కి ఆ తుంపర్లలో తడవనివాళ్ళు మన జిల్లాలో తక్కువ. ఆ నీళ్ళు అక్కణ్ణుంచి మేట్టూరు జలాశయంలోకి చేరతాయి. అది 1934లో కట్టిన ఆనకట్ట. తర్వాత ఈరోడ్, తిరుచ్చి దాటుతాయి. తంజావూరు పొలాల కోసం పాయలు పాయలుగా చీలిపోతాయి. చివరికి మిగిలిన సన్నని పాయ పూంపుహార్ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పాతకాలపు కావేరిపూంపట్టణం అదే. శిలప్పదికారంలో కణ్ణగి, కోవలన్ కాపురం పెట్టిన ఊరు అదే.

ఆ సంగమానికి అవతల, సముద్రంలో, 19 మీటర్ల లోతున ఒక ఓడ పడి ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1991లో దాన్ని గుర్తించారు. డైవింగ్ చేసి, అడుగుకు దిగి చూశారు. అక్కడ ఫిరంగులు ఉన్నాయి. సీసపు దిమ్మలు ఉన్నాయి. ఆ దిమ్మల మీద అచ్చు గుద్దినట్టు ఒక పేరు ఉంది. డబ్ల్యూ బ్లాకెట్. పక్కన సంవత్సరం. కొన్నిటి మీద 1791. కొన్నిటి మీద 1792.

బ్లాకెట్ అనేది ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో సీసపు గనులు నడిపిన కుటుంబం పేరు. అక్కడి కొండల్లో తవ్విన సీసం, కరిగించి దిమ్మలుగా పోసిన సీసం, ఆఫ్రికా కొసను చుట్టుకుని, హిందూ మహాసముద్రం దాటి, కావేరి నోటి దగ్గర మునిగింది. తుపాకి గుళ్ళకు సీసం కావాలి. గొట్టాలకు కావాలి. పైకప్పులకు కావాలి. ఓడ అడుగున పేరిస్తే ఓడ ఒరిగిపోకుండా బరువుగా కూడా పనికొస్తుంది. దిమ్మ మీద 1792 అని ఉంది కాబట్టి ఆ ఓడ అంతకు ముందు మునిగి ఉండదు. అంత చిన్న అంకె ఒక ఓడ వయసును చెబుతోంది. ఆ కాలంలో పూంపుహార్‌కు కొద్ది దూరంలోనే, తరంగంబాడిలో, డేనిష్ వాళ్ళ కోట ఉంది. 1620 నుంచి వాళ్ళు అక్కడ వ్యాపారం చేస్తూ వచ్చారు. ఇటు నాగపట్టణం, కారైకాల్, అటు పుదుచ్చేరి. ఆ తీరం పొడవునా యూరప్ ఓడలు వచ్చిపోతుండేవి. వచ్చిన ప్రతి ఓడా తిరిగి వెళ్ళలేదు.

  

మన కావేరి పూంపుహార్ దగ్గర సముద్రంలోకి మట్టి మోస్తుంది. అందువల్ల నీళ్ళు మసకగా ఉంటాయి. పగడాలకు తేట నీళ్ళు కావాలి, ఎండ కావాలి, ఉప్పదనం కావాలి. అందుకే నది నోటి దగ్గర పగడపు దిబ్బలు పెరగవు. పగడాలు చూడాలంటే రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులున్న మన్నార్ సింధుశాఖకు వెళ్ళాలి. లేకపోతే లక్షద్వీపాలకో, అండమాన్‌కో వెళ్ళాలి. అండమాన్‌లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. పుదుచ్చేరి అవతల అయితే రాతి గోడలు ఉన్నాయి. అరవింద్స్ వాల్ అని డైవర్లు పిలుచుకునే చోటు ఒకటి. టెంపుల్ రీఫ్ అని, మనుషులు నీళ్ళలో దించిన వస్తువుల మీద జీవాలు పెరిగిన చోటు ఇంకొకటి.

నీళ్ళలో గోడ అంటే ఏమిటో చెప్పాలి. సముద్రం అడుగు వాలుగా పోతూ పోతూ ఒక్కసారి తెగిపోతుంది. అంచు నుంచి రాయి నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. మీరు ఆ గోడ పక్కన నీళ్ళలో వేలాడుతూ ఉంటారు. ఒక చేతి వైపు రాయి. ఆ రాతి మీద మెత్తని పగడాలు, స్పంజులు, కొరడాల్లా సాగిన సముద్రపు కొమ్మలు. రాతి సందులో రెక్కలు విప్పుకుని కూర్చున్న సింహం చేప. ఆ చేప ముళ్ళకు విషం ఉంటుంది, చెయ్యి పెట్టకూడదు. రెండో చేతి వైపు ఏమీ లేదు. నీలం. కాళ్ళ కింద కూడా నీలమే. ఎరుపు రంగు నీళ్ళలో ముందుగా మాయమైపోతుంది. కొన్ని మీటర్లు దిగేసరికి ఎర్రటి స్పంజు కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. టార్చి వేస్తే మాత్రం ఒక్కసారి కుంకుమలా వెలుగుతుంది. అది చూసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఎందుకు దిగుతారో నాకు బాగా తెలుసు. అది అంత అందంగా ఉంటుంది. అందుకే పిల్లల్ని వద్దని ఆపమని నేను చెప్పను. తెలుసుకుని దిగమంటాను.

ఇక అసలు మాటకు వద్దాం. ఊపిరి బిగబట్టకూడదు. మెల్లగా రావాలి. ఎందుకు?

ఇంట్లో ఒక గాజు గ్లాసు తీసుకోండి. బకెట్ నీళ్ళలో బోర్లించి, నిటారుగా కిందికి నొక్కండి. లోపల గాలి అలాగే ఉంటుంది. నీళ్ళు లోపలికి పెద్దగా రావు. ఇప్పుడు అదే గ్లాసును, అలాగే బోర్లించి, లోతైన బావిలో దించుతున్నాం అనుకోండి. 10 మీటర్ల లోతుకు, అంటే దాదాపు 33 అడుగులకు దించితే, గ్లాసులో సగం దాకా నీళ్ళు వచ్చేస్తాయి. గాలి ఎక్కడికీ పోలేదు. ఒక్క బుడగ కూడా బయటికి రాలేదు. పైనున్న నీళ్ళ బరువుకు గాలి నలిగి సగం అయింది. 20 మీటర్ల లోతులో మూడో వంతు అవుతుంది. 30 మీటర్ల లోతులో నాలుగో వంతు అవుతుంది. మళ్ళీ పైకి లాగితే, గాలి మెల్లగా విచ్చుకుంటూ, గట్టు మీదికి వచ్చేసరికి మొదట ఎంత ఉందో అంతే అవుతుంది. 1662లో రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త ఈ లెక్క రాసిపెట్టాడు. పిల్లలు బడిలో దాన్ని బాయిల్ సూత్రం అని చదువుకుంటారు.

మన రొమ్ములో ఉన్న ఊపిరితిత్తుల్లో జరిగేదీ ఇదే లెక్క. బావిలోకి దూకేటప్పుడు గట్టు మీద పీల్చిన గాలితో దిగుతాం. అడుగున అది నలిగి చిన్నదవుతుంది. పైకి వస్తుంటే విచ్చుకుంటుంది. గట్టుకు వచ్చేసరికి మొదట పీల్చినంతే అవుతుంది. అంతకు మించి ఒక్క చుక్క పెరగదు. అందుకే బావిలో ఊపిరి బిగబట్టి పైకి వచ్చినా ఊపిరితిత్తులు చిట్లవు.

సిలిండర్‌తో దిగినవాళ్ళ సంగతి వేరు. చిన్నప్పుడు కొందరు బొప్పాయి కాడ నోట్లో పెట్టుకుని, నీళ్ళలో మునిగి, కాడ గుండా ఊపిరి పీల్చి ఉంటారు. ఒక అడుగు లోతులో వీలవుతుంది. ఇంకొంచెం దిగితే వీలు కాదు. కాడ ఎంత పొడవున్నా గాలి లోపలికి రాదు. నీళ్ళు రొమ్మును అంత గట్టిగా నొక్కుతాయి. ఆ ఒత్తిడిని ఎదిరించాలంటే, చుట్టూ ఉన్న నీళ్ళకు ఎంత ఒత్తిడి ఉందో అంతే ఒత్తిడితో గాలి నోట్లోకి రావాలి. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ ఈవ్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనే ఇద్దరు కలిసి అలాంటి పరికరం తయారు చేశారు. ఇప్పుడు డైవర్లు నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ దాని వారసురాలే. మీరు ఎంత లోతుకు వెళ్తే అది అంత ఒత్తిడితో గాలి ఇస్తుంది.

ఇక్కడే జాగ్రత్తగా వినండి. 10 మీటర్ల లోతులో రెగ్యులేటర్ నుంచి గుండెనిండా పీల్చారు. అప్పుడు మీ ఊపిరితిత్తులు పూర్తిగా నిండాయి. ఆ గాలి నలిగి ఉన్న గాలి. బిగబట్టి పైకి వచ్చారు. అది విచ్చుకుంటుంది. రెట్టింపు అవుతుంది. 6 లీటర్లు పట్టే చోట 12 లీటర్లు కావాలంటుంది. అంత చోటు ఎక్కడిది? ఊపిరితిత్తుల పొర చిట్లుతుంది. గాలి రక్తంలోకి చొరబడుతుంది. బుడగ మెదడుకు వెళ్తే మనిషి పైకి తేలగానే స్పృహ తప్పుతాడు.

10 మీటర్లు అక్కర్లేదు. ఊపిరితిత్తులు నిండుగా ఉంటే, ఒకటిన్నర మీటరు కూడా లేని లోతు నుంచి బిగబట్టి లేచినా ఇది జరగవచ్చు. అంటే ఈత కొలనులో, నిలబడితే తల బయటికి వచ్చే లోతులో. అందుకే శిక్షణ ఇచ్చేవాళ్ళు కొలనులో మొదటి రోజే ఈ మాట చెబుతారు. ఊపిరి ఎప్పుడూ ఆపకండి. పీలుస్తూనే ఉండండి. వదులుతూనే ఉండండి.

ఇంకో సంగతి. అందరూ లోతే ప్రమాదం అనుకుంటారు. గ్లాసును మళ్ళీ గుర్తు చేసుకోండి. 30 మీటర్ల నుంచి 20 మీటర్లకు వస్తే గాలి నాలుగో వంతు నుంచి మూడో వంతు అవుతుంది. పెద్ద తేడా కాదు. 10 మీటర్ల నుంచి నీటి మట్టానికి వస్తే సగం కాస్తా నిండు గ్లాసవుతుంది. అంటే గాలి అన్నిటికంటే ఎక్కువగా విచ్చుకునేది చివరి 10 మీటర్లలోనే. పైన పడవ కనిపిస్తుంటుంది, సూర్యుడు కనిపిస్తుంటాడు, ఇక వచ్చేశాం అని మనసు తేలికపడుతుంది. సరిగ్గా అక్కడే కాళ్ళు తొందరపడతాయి. అక్కడే మెల్లగా రావాలి.

మెల్లగా అంటే ఎంత? నిమిషానికి 9 మీటర్లకు మించకుండా. మీరు వదిలిన బుడగల్లో అతి చిన్న బుడగను చూడండి. దానికంటే ముందు మీరు వెళ్ళకూడదు. నీటి మట్టానికి 5 మీటర్ల కింద ఆగాలి. 3 నిమిషాలు అక్కడే ఉండాలి. సేఫ్టీ స్టాప్ అంటారు దాన్ని. పూంపుహార్ ఓడ ఉన్న 19 మీటర్ల నుంచి పైకి రావడానికి ఈ లెక్కన 5 నిమిషాలు పడుతుంది. బావి అడుగు నుంచి మనం కొన్ని సెకన్లలో తేలి వచ్చేస్తాం.

ఆ ఆగడం ఎందుకో చెప్పాలి. మనం పీల్చే గాలిలో నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైగా నైట్రోజన్. లోతులో ఒత్తిడికి ఆ నైట్రోజన్ రక్తంలో, కండలో, కొవ్వులో కరుగుతుంది. గోలీ సోడా మీకు తెలుసు. గోలీ మూతిని బిగించి ఉన్నంతసేపు లోపల బుడగ కనిపించదు. వేలితో గోలీని నొక్కగానే బుస్సుమని నురగ పొంగుతుంది. లోతు నుంచి ఒక్క ఊపున పైకి వచ్చిన మనిషి ఒంట్లో నైట్రోజన్ అలా బుడగలు కడుతుంది. కీళ్ళలో నొప్పి, చేతుల్లో తిమ్మిరి, కాళ్ళు పట్టు తప్పడం, విపరీతమైన అలసట, ఒక్కోసారి పక్షవాతం. మెల్లగా వస్తే ఆ నైట్రోజన్ కొంచెం కొంచెంగా ఊపిరితోనే బయటికి పోతుంది. కాబట్టి మళ్ళీ అదే మాట. ఊపిరి ఆపకండి. మెల్లగా రండి.

ఇప్పుడు ఈ మాటను గోడ దగ్గరికి, ఓడ దగ్గరికి తీసుకెళ్దాం. ఎందుకంటే ఊపిరి బిగబట్టాలనిపించేది సరిగ్గా ఆ రెండు చోట్లే.

గోడ పక్కన వేలాడుతున్నప్పుడు కాళ్ళ కింద నేల ఉండదు. వాలుగా ఉన్న చోట దిగితే కాలికి ఇసుక తగిలి ఇక చాలని చెబుతుంది. గోడ దగ్గర చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. చేపను చూస్తూ చూస్తూ 5 మీటర్లు జారిపోవచ్చు, తెలియదు. కాబట్టి చేతికి ఉన్న, లోతు చూపే డైవ్ కంప్యూటర్‌ను మాటిమాటికీ చూడాలి. లోతు పెరిగిందని తెలిసి ఉలిక్కిపడ్డప్పుడు, చాలామంది ముందు చేసే పని ఊపిరి బిగబట్టడం. తర్వాత చేసే పని వేసుకున్న జాకెట్‌లోకి గాలి నింపే మీట నొక్కడం. ఆ జాకెట్‌లో ఉన్నదీ గాలే. గ్లాసులో గాలి ఎలా విచ్చుకుందో, జాకెట్‌లో గాలీ అలాగే విచ్చుకుంటుంది. పైకి వస్తున్న కొద్దీ ఉబ్బుతుంది. ఉబ్బిన కొద్దీ ఇంకా వేగంగా పైకి లాగుతుంది. అందుకే పైకి వచ్చేటప్పుడు జాకెట్‌లో గాలిని ఎప్పటికప్పుడు వదిలేయాలి. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి అనుకుంటారు. పైకి రావాలంటే గాలి నింపాలనుకుంటారు. పైకి రావడానికి కాళ్ళు చాలు. గాలిని వదలడమే పని.

ఓడ దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఏదైనా పాతవస్తువు కనిపించగానే చెయ్యి ముందుకు పోతుంది. సీసం నీళ్ళకంటే 11 రెట్లు బరువు. మామూలు ఇటుకంత సీసపు దిమ్మ 20 కిలోలు తూగుతుంది. డైవర్లు నీళ్ళలో తేలిపోకుండా నడుముకు కట్టుకునే బరువులు కూడా సీసమే, కొద్ది కిలోలు మాత్రమే. అలాంటిది 20 కిలోల దిమ్మ చేతిలోకి తీసుకుంటే మనిషి కూరుకుపోతాడు. తేలడానికి జాకెట్ నిండా గాలి కొడతాడు. అంతలో పట్టు తప్పి దిమ్మ జారితే? బరువు పోయింది. జాకెట్‌లో గాలి ఉంది. ఆ మనిషి 19 మీటర్ల నుంచి ఆగకుండా పైకి పోతాడు. బలమంతా పెట్టి ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి ఉంటాడు కూడా. బస్తా ఎత్తేటప్పుడు మనం బిగబట్టినట్టే. నేను చెప్పిన రెండు తప్పులూ ఒక్క క్షణంలో జరిగిపోతాయి.

కాబట్టి మునిగిన ఓడ దగ్గర చేతులు కట్టుకుని చూడండి. అది మీ ప్రాణం కోసం. ఓడ కోసం కూడా. ఆ దిమ్మ ఏ ఫిరంగి పక్కన పడి ఉంది, ఎంత ఇసుక కింద ఉంది, ఏ వైపుకు ఒరిగి ఉంది, ఇవన్నీ కొలిచి, గీసుకుని, ఫొటోలు తీశాకే పరిశోధకులు ఒక్కో వస్తువును కదిలిస్తారు. అంత లోతులో వాళ్ళు ఒక్కసారి దిగితే పనిచేయగలిగేది గంటలోపే. పైకి వస్తూ ఆగి ఆగి రావాలి. మసక నీళ్ళలో, అలా కొద్దికొద్దిగా చేసిన పని వల్లే ఒక బ్లాకెట్ పేరు, ఒక 1792 మనకు తెలిశాయి. ఒక దిమ్మను ఎవరైనా ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టుకుంటే అది ఉట్టి సీసం. అక్కడ ఉంటే అది సాక్ష్యం. నూరేళ్ళు దాటిన పాతవస్తువులకు మన దేశంలో 1972 నాటి చట్టం రక్షణ ఉంది. పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. విరిగి పడిన ముక్క కదా అని తేవడం కూడా తప్పే.

మునిగిన ఓడ ఉట్టి పాతసామాను కూడా కాదు. చుట్టూ మెత్తని బురద ఉన్న చోట గట్టిగా ఉన్నది అదొక్కటే. ఆ గట్టిదనాన్ని పట్టుకుని ఆల్చిప్పలు పెరుగుతాయి. వాటి సందుల్లో చిన్న చేపలు దాక్కుంటాయి. వాటి కోసం పెద్ద చేపలు వస్తాయి. తీరంలో చేపలు పట్టేవాళ్ళకు అలాంటి చోట్లు తెలుసు. చేప దొరుకుతుంది, వల చిక్కుకుంటుంది. తెగిన వల ముక్కలు అక్కడ వేలాడుతూ ఉంటాయి. డైవర్ కాలు ఆ వలలో చిక్కితే మొదట ఆగిపోయేది ఊపిరే. అప్పుడు కూడా ఊపిరి ఆపకూడదు. కదలకుండా నిలబడి, పీల్చి, వదిలి, జతగా వచ్చినవాళ్ళకు చెయ్యి ఊపాలి. వాళ్ళు వచ్చి కోస్తారు. అందుకే ఎప్పుడూ ఒంటరిగా దిగరు. అందుకే డైవర్లు కాలికి చిన్న కత్తి కట్టుకుంటారు.

మరి గాలి అయిపోతే? ఎంత జాగ్రత్తగా ఉన్నా భయం పుడితే? అందరికీ పుడుతుంది. ముందు పక్కనున్న శిక్షకుడి చెయ్యి పట్టుకోండి. వాళ్ళ దగ్గర ఇంకో రెగ్యులేటర్ ఉంటుంది, అది అందుకోండి. ఎవరూ అందకపోతే, పైకి వెళ్ళక తప్పకపోతే, నోట్లోంచి రెగ్యులేటర్ తీయకుండా తల పైకెత్తి ఆ అని సాగదీస్తూ రావాలి. ఇప్పుడు మీరు ఇంట్లోనే ఒకసారి చేసి చూడండి. గుండెనిండా పీల్చండి. ఆ... ఆ... అని సన్నగా, ఆపకుండా వదలండి. గొంతు పలుకుతోందంటే గాలి బయటికి పోతోందన్నమాట. గాలి బయటికి పోతోందంటే లోపల చిట్లేంత నిండదు. మన భయం ఆ శబ్దాన్ని ఆపమంటుంది. పిల్లలు దీన్ని ఇంట్లో నాలుగుసార్లు అంటే నీళ్ళలో గుర్తుకొస్తుంది. కొత్తగా ఒక్క రోజు సరదాకు దిగేవాళ్ళను 12 మీటర్ల లోతుకు మించి తీసుకెళ్ళరు. అక్కడ కూడా ఈ మాట పడవ మీదే చెప్పాలి. చెప్పకుండా దించే చోట దిగకండి. జలుబు చేసినవాళ్ళు, చెవి దిబ్బడేసినవాళ్ళు ఆ రోజు మానుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా దిగకండి. ఉబ్బసంలో గాలి ఊపిరితిత్తుల్లో ఒక మూల ఇరుక్కుపోవచ్చు. మనం వదిలినా అది రాదు.

మన వైపు వాళ్ళకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ఇది పుదుచ్చేరివాళ్ళకు అంత అవసరం లేదు, మనకు అవసరం. డైవింగ్ చేసిన తర్వాత వెంటనే విమానం ఎక్కవద్దని అంటారు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే కనీసం 18 గంటలు ఆగమంటారు. ఎత్తుకు వెళ్తే చుట్టూ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒంట్లో ఇంకా మిగిలి ఉన్న నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు. మనం విమానం ఎక్కం. కానీ కారెక్కుతాం. పుదుచ్చేరి సముద్రమట్టంలో ఉంది. తిరువణ్ణామలై, ఊత్తంగరై దాటి కృష్ణగిరి వచ్చేసరికి ఎత్తు పెరుగుతుంది. అక్కణ్ణుంచి శూలగిరి మీదుగా హోసూరు వెళ్తే దాదాపు 900 మీటర్ల ఎత్తు. బెంగళూరు కూడా అంతే. ఇక సేలం మీదుగా వచ్చి, దారిలో యేర్కాడు చూసి పోదాం అనుకుంటే అది దాదాపు 1500 మీటర్లు. ఆదివారం మధ్యాహ్నం దాకా సముద్రంలో ఉండి, ఆ రాత్రికే హోసూరులో ఉండాలనుకోవడం మంచిది కాదు. ఆ రాత్రి పుదుచ్చేరిలోనే పడుకోండి. లేదా శనివారమే దిగండి, ఆదివారం బీచ్‌లో తిరగండి, సాయంత్రం బయల్దేరండి. ఒక్క రోజు సెలవు దొరక్కపోతే ఆ వారం దిగకండి. నీళ్ళు ఎక్కడికీ పోవు.

తీరంలో ఉన్న ఆసుపత్రుల్లో డైవర్లు వచ్చారంటే డాక్టర్లకు అనుమానం త్వరగా వస్తుంది. మన ధర్మపురిలో ఒక కుర్రాడు సోమవారం ఉదయం భుజం నొప్పి, చేతుల్లో తిమ్మిరి అని వస్తే, ఎవరైనా ముందు బండి నడిపి నడిపి వచ్చిందనుకుంటారు. వాళ్ళ తప్పు కాదు. సముద్రం ఇక్కడికి చాలా దూరం. కాబట్టి అమ్మానాన్నలూ, ఇది మీకు. మీ పిల్లలు డైవింగ్‌కు వెళ్ళొచ్చిన రెండు రోజుల్లో కీళ్ళ నొప్పి, తిమ్మిరి, తల తిరగడం, చర్మం మీద మచ్చలు, మామూలుగా లేని అలసట కనిపిస్తే, నిద్రపోతే తగ్గుతుందని ఊరుకోకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరుతో మొట్టమొదట చెప్పవలసింది ఇది: మా వాడు నీటి అడుగున సిలిండర్ గాలి పీల్చాడు, ఫలానా రోజు, ఫలానా గంటకు పైకి వచ్చాడు. ఆక్సిజన్ పెట్టమని అడగండి. గాలి ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది ఉన్న చోటికి పంపాలా అని అడగండి. డైవ్ కంప్యూటర్ చేతికి ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి. ఎంత లోతుకు దిగాడో, ఎంతసేపు ఉన్నాడో, ఎంత వేగంగా పైకి వచ్చాడో అందులో ఉంటుంది. డాక్టరుకు అది కావాలి.